కొత్త ఇంట్లో కరెంటు ఎక్కడ ఆదా అవుతుంది?

కొత్త ఇళ్ల ప్రకటనల్లో ‘ఎనర్జీ ఎఫిషియెంట్’ అనే మాట ఇప్పుడు తప్పనిసరి అయిపోయింది. ఆ మాట వెనక ఏముందని చూస్తే ఎక్కువగా కనిపించేవి పైకప్పు మీద సోలార్ ప్యానెళ్లు, ఫోన్‌తో నడిపే ఏసీ, ఇంటి నిండా ఎల్‌ఈడీ దీపాలు. ఇవన్నీ మంచివే. కాకపోతే వీటిలో ఏదైనా సరే, ఐదేళ్ల తర్వాత కూడా కొని బిగించుకోవచ్చు. ఇల్లు ఏ దిక్కుకు తిరిగి ఉంది, కిటికీలు ఎంత పెద్దవి, గోడ లోపల ఏ పొరలున్నాయి, స్లాబు మీద ఇన్సులేషన్ (వేడిని ఆపే పొర) వేశారా, అతుకుల దగ్గర గాలి దూరుతోందా అన్నవి అలా కాదు. కట్టేటప్పుడు వదిలేస్తే అవి మళ్లీ కుదరడం కష్టం. కుదిరినా పగలగొట్టాలి, ఇల్లు ఖాళీ చేయాలి, ఎన్నో రెట్లు ఖర్చు పెట్టాలి.

ఏసీ పదిహేనేళ్లు పనిచేస్తే గొప్ప. గోడ యాభై అరవై ఏళ్లు నిలబడుతుంది. అంటే ఆ గోడలో చేసిన తప్పుకు మూడు నాలుగు ఏసీలు వరుసగా జరిమానా కడతాయి. కొత్త ఇంటిని అంచనా వేసేటప్పుడు ఈ లెక్కే ముందుండాలి: తర్వాత మార్చలేని వాటికి మొదటి డబ్బు, మార్చగలిగిన వాటికి మిగిలిన డబ్బు. ఆచరణలో మాత్రం తరచు దీనికి తలకిందులుగా జరుగుతోంది. కారణం కూడా తెలిసిందే. ప్యానెల్ కంటికి కనిపిస్తుంది, గోడలో దాగిన పొర కనిపించదు.

ఈ విషయాన్ని దాదాపు యాభై ఏళ్ల కిందటే ఒక ప్రయోగం తేల్చి చెప్పింది. చమురు సంక్షోభం తర్వాత, 1977లో కెనడాలోని రెజీనా నగరంలో ‘సస్కాచెవాన్ కన్జర్వేషన్ హౌస్’ అనే ఇల్లు కట్టారు. చలికాలంలో సున్నాకు 30 డిగ్రీల కిందికి కూడా పడిపోయే ఊరది. ఆ ఇంటికి సుమారు 30 సెంటీమీటర్ల మందం గోడలు పెట్టి, వాటి నిండా ఇన్సులేషన్ నింపారు. గాలి దూరకుండా ప్లాస్టిక్ పొర పరిచారు. బయటికి పోయే గాలిలోని వేడిని లోపలికి వచ్చే గాలికి అందించే యంత్రం అమర్చారు. దాంతోపాటు ఖరీదైన సోలార్ వేడి వ్యవస్థను కూడా పెట్టారు. సందర్శకుల కళ్లన్నీ ఆ సోలార్ గొట్టాల మీదే. చివరికి ఇబ్బంది పెట్టిందీ, తీసేయాల్సి వచ్చిందీ ఆ వ్యవస్థే. గోడలు, పైకప్పు, గాలి బిగువు మాత్రం అనుకున్నట్టే పనిచేశాయి. మామూలు ఇంటికి కావాల్సిన వేడిలో చిన్న భాగంతోనే ఆ ఇల్లు చలికాలం గడిపింది.

ఆ అనుభవం మరికొన్ని ప్రయోగాలతో కలిసి జర్మనీ చేరింది. భౌతిక శాస్త్రవేత్త వోల్ఫ్‌గాంగ్ ఫైస్ట్, స్వీడన్‌కు చెందిన ప్రొఫెసర్ బో ఆడమ్‌సన్ కలిసి 1988లో ‘పాసివ్ హౌస్’ (యంత్రాల మీద పెద్దగా ఆధారపడకుండా గోడలు, కిటికీలు, గాలి బిగువుతోనే హాయిగా ఉండే ఇల్లు) ఆలోచనకు రూపమిచ్చారు. 1991లో డార్మ్‌స్టాట్ నగరంలోని క్రానిష్టైన్‌లో ఆ పద్ధతిలో కట్టిన నాలుగు ఇళ్ల వరుసలోకి జనం వచ్చి చేరారు. గదులు వెచ్చగా ఉంచడానికి ఏడాదికి చదరపు మీటరుకు 15 యూనిట్లు మించకూడదన్నది పాసివ్ హౌస్ ప్రమాణం. పాతికేళ్ల తర్వాత ఆ ఇళ్లను మళ్లీ పరీక్షిస్తే గోడల్లోని ఇన్సులేషన్ చెక్కుచెదరకుండా ఉంది, వేడి ఖర్చు మొదట్లో లాగే తక్కువగా ఉంది. ఆ పాతికేళ్లలో ఎన్ని యంత్రాలు పాతబడి ఉంటాయో ఊహించుకోవచ్చు.

ఎండను గాజు దాటనివ్వకముందే

వేడి ప్రాంతాల్లో కట్టే ఇంటికి అన్నిటికన్నా పెద్ద శత్రువు కిటికీలోంచి వచ్చే ఎండ. దీని బలం ఎంతో చాలామందికి తెలియదు. సాయంత్రం వేళ పడమటి గోడ మీద చదరపు మీటరుకు 700 వాట్ల దాకా ఎండ పడుతుంది. మామూలు గాజు అందులో 80 శాతానికి పైగా లోపలికి వదులుతుంది. రెండు చదరపు మీటర్ల కిటికీ అయితే లెక్క 1,100 వాట్లు దాటుతుంది. ఒక కిలోవాట్ రూమ్ హీటరును ఎండాకాలం సాయంత్రం ఆన్ చేసి, దాన్ని చల్లార్చడానికి పక్కనే ఏసీ పెట్టినట్టు ఉంటుంది ఆ గది పరిస్థితి.

దీనికి మొదటి మందు దిక్కు. ఉత్తరార్ధగోళంలో దక్షిణం వైపు, దక్షిణార్ధగోళంలో ఉత్తరం వైపు ఉన్న కిటికీల మీద మధ్యాహ్నపు సూర్యుడు ఎండాకాలంలో చాలా ఎత్తులో ఉంటాడు. కిటికీ పైన సరైన వెడల్పులో ఒక సన్‌షేడ్ ఉంటే ఆ ఎండ గాజు దాకా రాదు. చలికాలంలో సూర్యుడు కిందికి దిగుతాడు కాబట్టి అదే సన్‌షేడ్ కింద నుంచి ఎండ లోపలికి వస్తుంది. కరెంటు లేకుండా, ఎవరూ ముట్టుకోకుండా, కాలాన్ని బట్టి తనంతట తానే పనిచేసే ఏర్పాటు ఇది. తూర్పు పడమరల్లో ఈ ఉపాయం పారదు. అక్కడ సూర్యుడు కిందుగా, కిటికీకి ఎదురుగా ఉంటాడు. సన్‌షేడ్ ఎంత పెంచినా దాని కింద నుంచి దూరిపోతాడు. ఆ వైపు కిటికీలు చిన్నవిగా పెట్టడం, నిలువు పలకలు, బయట మూసే తలుపులు, కదిలే లూవర్లు (వాలు పట్టీల తెరలు), చెట్ల నీడ, ఇవే దారులు. ప్లాన్ గీసేటప్పుడే పడమటి వైపున మెట్లు, స్టోర్ రూమ్, బాత్రూమ్‌లు వచ్చేలా చూసుకుంటే సగం సమస్య అక్కడే పోతుంది. అందుకు పైసా ఖర్చు కాదు.

నీడ బయట ఉండాలన్న సంగతి గట్టిగా చెప్పాల్సిందే. లోపలి కర్టెన్ ఎండను ఆపుతున్నట్టు కనిపిస్తుంది. నిజానికి ఎండ అప్పటికే గాజు దాటేసింది. కర్టెన్ వేడెక్కుతుంది, ఆ వేడిని గదిలోకే వదులుతుంది. అదే తెర కిటికీకి బయట ఉంటే ఆ వేడి బయటి గాలిలో కలిసిపోతుంది. గాజు అద్దాల మేడలకు ఆధునికతను అంటగట్టిన ఫ్యాషన్ ఈ చిన్న సూత్రాన్ని మరిచిపోయింది. ఇళ్ల డిజైన్లలో కూడా నేల నుంచి కప్పు దాకా గాజు పెట్టడం హోదాగా మారడం విచారకరం.

గాజు మీద మాత్రం సాంకేతికత నిజంగా చాలా దూరం వచ్చింది. ఒకే పలక ఉన్న కిటికీలో లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉంటే చదరపు మీటరుకు దాదాపు 5.8 వాట్ల వేడి అటూ ఇటూ పోతుంది. దీన్నే యూ-వాల్యూ అంటారు, ఇది ఎంత తక్కువుంటే అంత మంచిది. రెండు పలకల మధ్య గాలి ఖాళీ వదిలితే అది 2.8కి తగ్గుతుంది. ఆ ఖాళీలో ఆర్గాన్ వాయువు నింపి, ఒక పలక మీద వేడిని వెనక్కి తిప్పే, కంటికి కనిపించనంత పలచని ‘లో-ఈ’ లోహపు పూత వేస్తే 1.1 దాకా వస్తుంది. మూడు పలకలైతే ఇంకా కిందికి దిగుతుంది.

అయితే యూ-వాల్యూ ఒక్కటే చూసి గాజు కొనడం పొరపాటు. ఎండలోని శక్తిలో సగం వరకు కంటికి కనిపించని పరారుణ కిరణాల్లో ఉంటుంది. వెలుతురును రానిస్తూ ఆ కిరణాలను వెనక్కి తిప్పికొట్టే గాజు ఒక రకం. ఎండ వేడిని లోపలికి రానిచ్చి, గదిలోని వేడిని మాత్రం బయటికి పోనివ్వనిది ఇంకో రకం. మొదటిది వేడి ప్రాంతాలకు, రెండోది చలి ప్రాంతాల్లో ఎండ పడే కిటికీలకు. రెండింటినీ ‘లో-ఈ డబుల్ గ్లేజింగ్’ (లో-ఈ పూత ఉన్న రెండు పలకల గాజు) అనే ఒకే పేరుతో అమ్ముతారు. తేడా తెలిపేది ఎండ వేడిలో ఎంత వంతు లోపలికి వస్తుందో చెప్పే అంకె, అంటే ఎస్‌హెచ్‌జీసీ. మామూలు గాజుకు 0.8కి పైన ఉండే ఆ విలువ, ఎండను ఆపే గాజుకు 0.3 కన్నా తక్కువకు దిగుతుంది. కిటికీ కొనేటప్పుడు ఈ రెండు అంకెలూ అడగాలి. ఇక ఫ్రేము సంగతి. అల్యూమినియం ద్వారా వేడి పోయే వేగం ప్లాస్టిక్‌తో పోలిస్తే వందల రెట్లు ఎక్కువ. మధ్యలో వేడిని ఆపే ప్లాస్టిక్ ముక్క లేని అల్యూమినియం ఫ్రేములో ఎంత ఖరీదైన గాజు బిగించినా సగం డబ్బు వృథానే.

పైకప్పు, గోడలు

ఒక అంతస్తు ఇంట్లో, లేదా అపార్ట్‌మెంట్ పై అంతస్తులో, వేసవిలో రోజంతా ఎండ తినేది పైకప్పు. ముదురు రంగు కప్పు ఉపరితలం మండే ఎండలో 65 డిగ్రీలు దాటుతుంది. ఎండను తిప్పికొట్టే తెల్లని పూత ఉంటే అదే కప్పు వేడి దానికన్నా 28 డిగ్రీల దాకా తక్కువగా ఉండగలదు. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత ఫలితం ఇచ్చే పని ఇంటి మొత్తంలో ఇంకోటి దొరకడం కష్టం. దుమ్ము పేరుకుంటే పూత పనితనం తగ్గుతుంది, అప్పుడప్పుడు కడగాలి, కొన్నేళ్లకోసారి మళ్లీ వేయాలి. చలి ఎక్కువగా ఉండే చోట్ల మాత్రం దీనివల్ల లాభం తక్కువ.

పూత ఎండను ఆపుతుంది, వేడి గాలిని ఆపదు. దానికి ఇన్సులేషన్ కావాలి. కాంక్రీటు స్లాబు పగలంతా వేడిని మింగి రాత్రి గదిలోకి వదులుతుంది. అర్ధరాత్రి కూడా ఫ్యాను కింద వేడి గాలి తగలడానికి కారణం ఇదే. ఇన్సులేషన్‌ను స్లాబు పైన వేస్తే స్లాబు అసలు వేడెక్కదు. కింద ఫాల్స్ సీలింగ్‌లో వేస్తే స్లాబు కాలుతూనే ఉంటుంది, వ్యాకోచ సంకోచాలకు పగుళ్లు కూడా రావచ్చు. కొత్త ఇంటికి పైన వేయడమే మేలు. అయితే వాటర్‌ప్రూఫింగ్ పొరతో కలిపి ఒక క్రమంలో వేయాలి. కదలని గాలి కంటే నీరు ఇరవై రెట్లకు పైగా వేడిని మోసుకుపోతుంది. తడిసిన ఇన్సులేషన్ ఉన్నా లేనట్టే.

గోడల విషయంలో జనంలో ఒక బలమైన నమ్మకం ఉంది, మందంగా కడితే చల్లగా ఉంటుందని. అది సగమే నిజం. ఇటుక వేడిని ఆలస్యం చేస్తుంది, ఆపదు. పగలు మండిపోయి రాత్రి బాగా చల్లబడే పొడి ప్రాంతాల్లో ఆ ఆలస్యం వరమే. మధ్యాహ్నపు వేడి లోపలికి చేరేసరికి రాత్రి అవుతుంది, అప్పుడు కిటికీలు తీస్తే సరిపోతుంది. రాత్రి కూడా ఉక్కపోతగా ఉండే తేమ ప్రాంతాల్లో అదే బరువైన గోడ నిద్ర పట్టనివ్వదు. వేడిని నిజంగా ఆపేది గాలి బుడగలను బంధించిన తేలికైన పదార్థం. 5 సెంటీమీటర్ల మందం పాలీస్టైరిన్ (థర్మాకోల్ లాంటి నురగ) లేదా రాక్‌వూల్ (రాతి నుంచి తీసిన ఉన్ని లాంటి పోగు) పలక వేడిని ఆపడంలో దాదాపు ఒక మీటరు మందం ఇటుక గోడతో సమానం.

ఎంత మందం చాలు? 23 సెంటీమీటర్ల ఇటుక గోడ యూ-వాల్యూ 2 దగ్గర ఉంటుంది. 5 సెంటీమీటర్ల ఇన్సులేషన్ చేరిస్తే అది 0.5 దగ్గరికి వస్తుంది. 10 సెంటీమీటర్లయితే 0.3, 15 అయితే 0.2. మొదటి 5 సెంటీమీటర్లే నష్టంలో మూడొంతులు ఆపేశాయన్నమాట. తర్వాత వేసే ప్రతి పొరా తక్కువ లాభమే ఇస్తుంది. చలి తీవ్రంగా ఉన్న చోట ఆ మిగతా లాభం కూడా విలువైనదే. ఒక మోస్తరు వాతావరణంలో మాత్రం మొదటి పొరను ఎక్కడా తెగకుండా వేయించడం మీద పెట్టే శ్రద్ధ మందం పెంచడం కంటే ఎక్కువ ఫలితం ఇస్తుంది.

‘ఎక్కడా తెగకుండా’ అన్న షరతే అసలు పరీక్ష. గదిలోని స్లాబు అలాగే బయటికి సాగి బాల్కనీ అయిందంటే, ఇన్సులేషన్‌కు అక్కడ పెద్ద గండి పడినట్టే. స్తంభాలు, లింటెళ్లు, కిటికీ చుట్టూ అంచులు, గోడా కప్పూ కలిసే మూలలు, అన్నీ ఇలాంటి చోట్లే. చలి ప్రాంతాల్లోనైతే ఇక్కడ పోయేది వేడి ఒక్కటే కాదు. 25 డిగ్రీల వేడి, 60 శాతం తేమ ఉన్న గదిలో ఏ ఉపరితలమైనా 17 డిగ్రీల కిందికి దిగితే దాని మీద నీరు చెమర్చడం మొదలవుతుంది. ఆ తేమలో బూజు పడుతుంది, గోడ మూలలు నల్లబడతాయి, ఆస్తమా ఉన్నవాళ్ల బాధ పెరుగుతుంది. తేమను ఆపే పొరను ఎటువైపు పెట్టాలన్నది కూడా వాతావరణాన్ని బట్టి మారుతుంది. చలి దేశాల్లో తేమ లోపలి నుంచి బయటికి పోతుంది కాబట్టి పొర లోపలి వైపు ఉండాలి. ఏసీలు నడిచే ఉక్కపోత ప్రాంతాల్లో తేమ బయటి నుంచి లోపలికి వస్తుంది, అందుకే బయటి వైపు ఉండాలి. ఒక దేశం డిజైన్‌ను ఇంకో దేశంలో కాపీ కొడితే గోడ లోపలే కుళ్లడం మొదలవుతుంది.

ఇన్సులేషన్ గురించి మాట్లాడుతూ అగ్ని ప్రమాదం సంగతి దాటేయకూడదు. 2017 జూన్ 14న లండన్‌లో 24 అంతస్తుల గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడి 72 మంది చనిపోయారు. అంతకుముందే మరమ్మతుల్లో భాగంగా ఆ భవనానికి బయటి తొడుగు వేశారు. మంటలు అంత వేగంగా ఎగబాకడానికి పాలిథిలీన్ నింపిన ఆ అల్యూమినియం పలకలే ప్రధాన కారణమని, లోపలి ఇన్సులేషన్ కూడా మంటకు తోడైందని విచారణలో తేలింది. రాక్‌వూల్ లాంటి ఖనిజ పదార్థాలు మండవు. నురగ పలకలు వాడితే వాటి ఫైర్ రేటింగ్, అంతస్తుల మధ్య మంటను ఆపే అడ్డుపట్టీలు ఉన్నాయా అని అడగడం ఇంటి యజమాని హక్కు. కరెంటు ఆదా కోసం ప్రాణాలతో రాజీపడాల్సిన అవసరం ఎవరికీ లేదు.

కనిపించని గాలి

ఇన్సులేషన్ ఎంత బాగున్నా ఇల్లు జల్లెడలా ఉంటే లాభం లేదు. తలుపుల కింద, స్విచ్ బోర్డుల వెనక, పైపులు గోడ దాటే చోట, కిటికీ ఫ్రేముకూ గోడకూ మధ్య ఉండే సందుల్లోంచి గాలి పోతూ వస్తూ ఉంటుంది. దీన్ని కొలవడానికి ‘బ్లోయర్ డోర్’ అనే పరీక్ష ఉంది. వీధి తలుపు స్థానంలో ఒక పెద్ద ఫ్యాను బిగించి, ఇంటి లోపలికీ బయటికీ 50 పాస్కల్‌ల పీడనం తేడా తెప్పిస్తారు. ఆ స్థితిలో ఇంట్లోని గాలి గంటకు ఎన్నిసార్లు పూర్తిగా మారిపోతోందో చూస్తారు. పాత ఇళ్లలో ఇది 10 సార్లు దాటడం మామూలే. పాసివ్ హౌస్‌లో 0.6 మించకూడదు. పరీక్ష జరుగుతుండగా ఇంట్లో తిరుగుతూ సందుల దగ్గర చెయ్యి పెడితే గాలి చేతికి తగులుతుంది. గోడలు, సీలింగ్ మూసేయకముందే ఈ పరీక్ష చేస్తే తప్పులను చవగ్గా సరిదిద్దవచ్చు. ఇల్లు పూర్తయ్యాక చేస్తే చేతికొచ్చేది సర్టిఫికెట్టే.

ఉక్కపోత ప్రాంతాల్లో గాలి బిగువు అక్కర్లేదని కొందరు అంటారు. అది పూర్తిగా సరైన మాట కాదు. బయటి గాలితో పాటు తేమ వస్తుంది. ఒక లీటరు తేమను గాలిలోంచి పిండి నీరుగా మార్చాలంటే ఏసీ సుమారు 0.68 యూనిట్ల వేడిని తోడి బయట పారేయాలి. గది చల్లగా ఉన్నా జిగటగా అనిపించి, ఇంకో రెండు డిగ్రీలు తగ్గించాల్సి రావడానికి చాలాసార్లు ఈ తేమే కారణం. మరోవైపు, ఏడాదిలో ఎక్కువ కాలం కిటికీలు తెరిచి, ఫ్యాన్లతో గడిచిపోయే ఇంటికి పాసివ్ హౌస్ స్థాయి బిగువు మీద డబ్బు పోయడం కూడా తెలివైన పని కాదు. అలాంటి ఇంటికి కావాల్సింది ఎదురెదురు గోడల్లో కిటికీలు, గదుల గుండా గాలి నడిచే దారి, ఏసీ వేసుకునే ఒకటి రెండు గదులు మాత్రం గట్టిగా మూసుకునే ఏర్పాటు. బయటి వాతావరణం హాయిగా ఉన్న రోజున ఇల్లంతా తెరుచుకోవాలి, లేని రోజున పూర్తిగా మూసుకోవాలి. సగం తెరుచుకుని సగం మూసుకునే ఇల్లు రెండు రకాలా నష్టపోతుంది.

బిగువు పెరిగిన ఇంటికి వెంటిలేషన్ తప్పనిసరి. ఈ రెండో సగాన్ని వదిలేసి మొదటి సగమే చేసిన ఇళ్లలోనే ఊపిరాడని గదులు, వాసనలు, బూజు కనిపిస్తాయి. హీట్ రికవరీ వెంటిలేటర్ అనే యంత్రం లోపలి పాత గాలిని బయటికి పంపుతూ, బయటి కొత్త గాలిని తెస్తూ, రెండూ కలిసిపోకుండా వాటి మధ్య వేడిని మాత్రం మార్పిడి చేస్తుంది. మంచి యంత్రాలు 75 శాతానికి పైగా వేడిని తిరిగి పట్టుకుంటాయి. తేమను కూడా మార్పిడి చేసే రకం ఉక్కపోత ప్రాంతాలకు తగినది. దాని ఫిల్టర్లు వేళకు మార్చకపోతే కొన్న ప్రయోజనం ఉండదు. వంటింట్లో గ్యాస్ పొయ్యి ఉంటే చిమ్నీ గొట్టం ఇంటి బయటికే వెళ్లాలి. గాలిని వడగట్టి మళ్లీ గదిలోకే వదిలే చిమ్నీ పొగలోని విషవాయువులను తొలగించదు.

యంత్రాల వంతు

కప్పు, గోడ, కిటికీ సరిగ్గా ఉంటే యంత్రాలు చిన్నవి చాలు. ఇక్కడ చాలా ఇళ్లలో జరిగే తప్పు, గది విస్తీర్ణం చూసి ఏసీ సైజు నిర్ణయించడం. ఇన్సులేషన్ లేని గదికీ, ఉన్న గదికీ ఒకే టన్నేజీ లెక్క వేస్తే రెండో గదిలో ఏసీ అవసరానికి మించిపోతుంది. పెద్ద ఏసీ గదిని గబగబా చల్లబరిచి ఆగిపోతుంది. తేమ తీయడానికి కావాల్సినంత సేపు నడవదు. వేగం మార్చుకునే ఇన్వర్టర్ కంప్రెసర్ ఈ ఇబ్బందిని కొంత తగ్గిస్తుంది, పూర్తిగా పోగొట్టదు. గది గదికీ వేడి భారాన్ని లెక్కకట్టి ఇచ్చే ఇంజనీరుకు పెట్టే ఫీజు, చిన్న ఏసీ కొనడంలోనే తిరిగి రావచ్చు.

గాలిని గొట్టాల ద్వారా పంపే సెంట్రల్ వ్యవస్థ పెట్టుకుంటే గొట్టాల అతుకులు చూడాలి. చాలా ఇళ్లలో ఆ గొట్టాల్లో తిరిగే గాలిలో 20 నుంచి 30 శాతం దాకా సందుల్లోంచి దారిలోనే పోతోందని అమెరికాలోని ఎనర్జీ స్టార్ కార్యక్రమం చెబుతోంది. కాలిపోయే అటక మీదుగా చల్లని గాలి గొట్టం తీసుకెళ్లడం ఇంకా ఘోరం.

వేడి నీళ్ల దగ్గర ఆదా చేసుకునే అవకాశం పెద్దది, దాని గురించి మాట్లాడేది తక్కువ. మామూలు గీజర్ ఒక యూనిట్ కరెంటుకు ఒక యూనిట్ వేడే ఇస్తుంది. హీట్ పంప్ వాటర్ హీటర్ చుట్టూ ఉన్న గాలిలోని వేడిని తోడి నీళ్లలో పెడుతుంది కాబట్టి ఒక యూనిట్‌కు మూడు యూనిట్ల వేడి ఇవ్వగలదు. చలి ప్రాంతాల్లో గదులు వెచ్చబరచడానికీ ఇదే సూత్రం. ఈ హీటరుకు కాస్త చోటు, గాలి తిరిగే వీలు, నీరు బయటికి పోయే గొట్టం కావాలి. ప్లాన్‌లోనే ఆ చోటు ఉంచకపోతే తర్వాత దొరకదు. బాత్రూమ్‌లు, వంటిల్లు ఒకే గోడకు అటూ ఇటూ ఉంటే వేడి నీళ్ల పైపు పొడవు తగ్గుతుంది. నల్లా తిప్పిన ప్రతిసారీ చల్లారిపోయిన నీళ్లు వదిలేసే బాధ తప్పుతుంది.

ఫ్యాను గదిని చల్లబరచదు, మనిషిని చల్లబరుస్తుంది. ఒంటికి గాలి తగులుతుంటే ఏసీని రెండు డిగ్రీలు పెంచి పెట్టుకున్నా అంతే హాయిగా ఉంటుంది. పాత రకం సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తింటే బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ) మోటారు ఫ్యాను 30 వాట్ల దగ్గర అదే గాలి ఇస్తుంది. గదిలో ఎవరూ లేనప్పుడు ఆపేయాలన్న సంగతి మాత్రం రెండింటికీ ఒకటే. దీపాల గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. తెల్లని ఎల్‌ఈడీ దీపాలకు దారి తీసిన సమర్థమైన నీలి ఎల్‌ఈడీని కనిపెట్టిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ వచ్చింది. 60 వాట్ల పాత బల్బు ఇచ్చే వెలుగు ఇప్పుడు 9 వాట్లకు వస్తోంది. ఆ యుద్ధం గెలిచేశాం.

సోలార్ ఎక్కడ నిలవాలి

సోలార్ ప్యానెళ్లను తక్కువ చేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఒక కిలోవాట్‌కు ఇప్పుడు సుమారు 5 చదరపు మీటర్ల ప్యానెల్ చాలు. కాలిఫోర్నియా 2020 నుంచి కొత్త ఇళ్లకు వాటిని తప్పనిసరి చేసింది. యూరోపియన్ యూనియన్ 2024లో సవరించిన నిబంధనల ప్రకారం అక్కడ 2030 నుంచి కట్టే భవనాలన్నీ ఉద్గారాలు లేనివిగా ఉండాలి, సోలార్ అందుకు ఒక ముఖ్యమైన దారి. ప్రశ్న వరుస గురించే. జల్లెడ లాంటి ఇంటి మీద పది ప్యానెళ్లు పెట్టే బదులు, బాగా కట్టిన ఇంటి మీద నాలుగు పెడితే అదే పని జరుగుతుంది.

వేళ సంగతి కూడా ఉంది. ప్యానెళ్లు మధ్యాహ్నం ఎక్కువ కరెంటు ఇస్తాయి. ఇళ్లలో వాడకం సూర్యుడు దిగాక పెరుగుతుంది, కాలిన స్లాబు గదిలోకి వేడిని వదిలేది కూడా అప్పుడే. ఏడాది మొత్తం లెక్కలో ‘నెట్ జీరో’ (వాడినంత కరెంటు తానే తయారుచేసుకునేది) అనిపించుకున్న ఇల్లు కూడా రాత్రి ఎనిమిదింటికి గ్రిడ్ మీదే పూర్తిగా ఆధారపడి ఉండొచ్చు. ఆ వేళ భారాన్ని తగ్గించగలిగేవి గోడ, కప్పు, నీడ. ప్రపంచవ్యాప్తంగా భవనాల్లో వాడే కరెంటులో ఐదో వంతు ఏసీలకు, ఫ్యాన్లకే పోతోందని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2018లో చెప్పింది. ఆ వాటాలో ఎంత సాయంత్రం వేళ పడుతుందన్నది మనం కట్టే గోడలను బట్టి ఉంటుంది.

ఇప్పుడే ప్యానెళ్లకు డబ్బు లేకపోయినా కొత్త ఇంట్లో చేసి ఉంచాల్సినవి కొన్ని ఉన్నాయి. కప్పు మీద నీడ పడని చోటు వదలాలి, మీటరు దాకా ఖాళీ కాండ్యూట్ (వైర్లు వెళ్లే గొట్టం) వేయించాలి, బోర్డులో చోటు ఉంచాలి. ట్యాంకు గానీ మెట్ల గది గానీ ఎటువైపు రావాలో ప్లాన్‌లో ఇది చూసే నిర్ణయించాలి. కొన్నిరకాల అమరికల్లో ఒక ప్యానెల్ మీద పడ్డ నీడ పక్క ప్యానెళ్ల కరెంటును కూడా తగ్గిస్తుంది.

కాగితానికీ ఇంటికీ మధ్య

డిజైన్‌లో రాసిన ఆదా, బిల్లులో కనిపించే ఆదా ఒకటి కాకపోవడం ఈ రంగంలో అందరికీ తెలిసిన సమస్య. ఇన్సులేషన్ పలకల మధ్య వేలు పట్టే సందు వదిలేయడం, ఎలక్ట్రీషియన్ గాలి పొరకు చిల్లు పెట్టి అలాగే వెళ్లిపోవడం, బయటి షేడ్ ఖర్చు తగ్గించాలని చివరి నిమిషంలో తీసేయడం, ఇలాంటివే ఆ తేడాకు కారణాలు. ఏ ఒక్కటీ పెద్దది కాదు, కలిస్తే మాత్రం కాగితం మీది అంకె అబద్ధమవుతుంది. అందువల్ల గోడ మూయకముందు ప్రతి గదిలో ఇన్సులేషన్ ఫొటోలు, బ్లోయర్ డోర్ ఫలితం, వీలైతే వేడి తేడాలను చూపే థర్మల్ కెమెరా చిత్రాలు అడిగి తీసుకోవాలి. అడిగితే ఇబ్బందిపడే బిల్డరు, అడగకముందే చూపించే బిల్డరు ఒకటి కాదు. ఆ తేడా ఏ రేటింగ్ సర్టిఫికెట్ కన్నా ఎక్కువ చెబుతుంది.

ఇంకో మాట ఎవరూ చెప్పడానికి ఇష్టపడరు. ఎంత సామర్థ్యంతో కట్టినా పెద్ద ఇల్లు పెద్ద ఇల్లే. చదరపు మీటరు లెక్కన మంచి మార్కులు తెచ్చుకున్న భారీ ఇల్లు, మొత్తంగా మామూలు చిన్న ఇంటి కన్నా ఎక్కువ కరెంటు తినవచ్చు. కట్టడానికి వాడిన సిమెంటు, ఉక్కు లెక్క వేరే. ప్రపంచ కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాల్లో 7, 8 శాతం సిమెంటు తయారీ నుంచే వస్తోంది. అవసరం లేని ఒక గది తగ్గించుకుంటే కట్టేటప్పుడూ, ఆ తర్వాత యాభై ఏళ్లూ ఆదానే. అలాంటి ‘ఫీచర్’ను ఏ ప్రకటనలోనూ చూడం.

ఇల్లు చేతికొచ్చాక మొదటి ఏడాది బిల్లులు చూసి నిరాశపడాల్సిన పని లేదు. కొత్త కాంక్రీటులో, ప్లాస్టరులో, ఇటుకల్లో వేల లీటర్ల నీరు ఉంటుంది. అది ఆరడానికి నెలలు పడుతుంది. ఆ తేమనంతా బయటికి తోయడానికి ఏసీ అయినా హీటరు అయినా అదనంగా నడుస్తుంది, తడి గోడ కూడా పొడి గోడ కన్నా వేడిని ఎక్కువగా పోనిస్తుంది. ఈ కాలంలో కిటికీలు, వెంటిలేటరు బాగా వాడి ఇంటిని ఆరనివ్వాలి. గోడలకు ఆనించి పెద్ద బీరువాలు పెట్టకపోవడం మంచిది. డిజైన్ అంకెలతో పోల్చి, తేడా ఉంటే బిల్డరును పిలిచి అడగాల్సింది రెండో ఏడాది రీడింగులతో. ఆ పోలిక కుదరాలంటే ఏసీకి, గీజరుకు విడివిడిగా చిన్న మీటర్లు పెట్టించుకోవాలి. వైరింగ్ జరుగుతున్నప్పుడే ఎలక్ట్రీషియన్‌కు ఆ మాట చెప్పాలి.